ఆయనకు సెలవు ఇవ్వలేదు, అందుకని నేనే తబూక్ వెళ్ళాను

ఈ ప్రయాణం ఒక ఫోన్‌కాల్‌తో మొదలైంది. డిసెంబరులో ఒక సాయంత్రం, కడపలో నేను పనిచేసే ఆసుపత్రి ల్యాబులో శాంపిళ్ళు సర్దుతుండగా మా ఆయన సుధాకర్ ఫోన్ చేశాడు. ఆయన సౌదీ అరేబియాలో, తబూక్ అనే ఊరి బయట ఒక పెద్ద పొలంలో మోటారు మెకానిక్. ఈసారి వచ్చినప్పుడు చుట్టాల ఇళ్ళ చుట్టూ తిరగకుండా, పెళ్ళయ్యాక మొదటిసారి మేమిద్దరమే ఎక్కడికైనా పోయొద్దామని అనుకున్నాం. జనవరిలో పది రోజులు నేను సెలవు కూడా రాయించుకున్నాను. ఆయన 'హలో' అన్న తీరులోనే విషయం అర్థమైపోయింది.

"ఈసారీ కుదరదంట మే. ఉర్లగడ్డల పంట ఎత్తేదాకా ఎవురికీ ఎగ్జిట్ రీ-ఎంట్రీ కొట్టనన్నాడు కఫీల్."

ఉర్లగడ్డలంటే బంగాళాదుంపలు; కఫీల్ అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. మా ఆయనలాంటి పొలం పనివాళ్ళు దేశం దాటి మళ్ళీ రావాలంటే ఎగ్జిట్ రీ-ఎంట్రీ పర్మిట్ ఆ యజమాని చేతిలోనే ఉంటుంది. సెలవు ఇట్లా రద్దు కావడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ నేను ఏడ్చి ఊరుకున్నాను. ఈసారి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన దేశం దాటకూడదు, అంతే కదా. నేను దాటకూడదని ఎవరూ చెప్పలేదు.

"నువ్వు రాలేకపోతే నేనే వస్తా," అన్నాను.

"ఈడికా? ఇది తిరిగే ఊరు కాదు మే. పని చేసుకొనే ఊరు."

మా బావగారు కూడా అదే పాట పాడారు. "సౌదీలో ఏముండాదమ్మా చూసేదానికి? ఇసక. అంత దూరం ఆడమనిషి ఒక్కతే పోతే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు. "మనోళ్ళు పనికి పోయే దేశమని, ఆడ కొండలూ సముద్రమూ లేకుండా పోతాయా బావా?" అని, ఆ రాత్రే టికెట్ల ధరలు చూడడం మొదలుపెట్టాను.

నా చేతిలో ఉన్నది మూడు వారాలు. పాస్‌పోర్టు ముందే ఉంది. కడపలో ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గరికి పోతే, నేనేదో ఇంటిపనికి టూరిస్టు వీసా మీద పోతున్నాననుకుని, "అట్లా పోవద్దమ్మా, మోసపోతావు," అని నచ్చజెప్పబోయాడు. ఆయన తప్పు లేదు, అట్లా మోసపోయినవాళ్ళు మా జిల్లాలో చాలామంది ఉన్నారు. కానీ నేను విహారానికి పోతున్నానని ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. ఇక హైదరాబాద్‌లో వీసా కేంద్రానికి నేనే పోయి వేలిముద్రలు ఇచ్చి వచ్చాను. నాలుగు రోజుల్లో టూరిస్టు వీసా వచ్చింది. హైదరాబాద్ నుంచి రియాద్, అక్కడి నుంచి తబూక్. రానూపోనూ నలభై వేలు దాటింది. నెల ముందు కొనుంటే ఇంకా తక్కువకే వచ్చేదేమో, కానీ నెల ముందు నాకు ఈ తెగింపు లేదు.

శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ అధికారి నా వీసా తిప్పి తిప్పి చూశాడు. "ఏం పనికి పోతున్నారు?"

"పనికి కాదు సార్. మా ఆయనతో కలిసి తిరగడానికి."

"సౌదీలోనా?"

"సౌదీలోనే."

తిరుగు టికెట్టు, గది బుకింగు, పెళ్ళి సర్టిఫికెట్టు వరసగా అడిగాడు. అన్నీ ఫైల్లోంచి తీసి ఇచ్చాను. ఇంకేం అడగాలో తెలియక ముద్ర కొట్టాడు.

విమానంలో నా పక్కసీటు మంగ అనే ఆమెది. రాజోలు వైపు మనిషి. బురైదాలో ఒకరింట్లో పనిచేస్తూ, సెలవు ముగించుకుని తిరిగి పోతోంది. కూర్చోగానే, "మీరు ఏ ఇంట్లోకండి?" అని అడిగింది.

"ఇంట్లోకి కాదండి, చూడ్డానికి పోతున్నా."

ఆమె నమ్మలేనట్టు నా వైపు తిరిగింది. "చూడ్డానికా! ఇన్నేళ్ళయిందండి నేనెళ్ళి. మా మేడమ్ గారి మేడ మీంచి ఖర్జూరం తోటలు కనపడతాయండి. అంతకుమించి ఏమీ చూళ్ళేదు. మీరు బాగా చూసి రండి. అడిగేవాళ్ళకి నేను కూడా చెప్పుకుంటాను, మనోళ్ళలో ఒకావిడ చూడ్డానికే వచ్చిందని." రియాద్‌లో దిగాక ఆమె బురైదా బస్సు కోసం, నేను తబూక్ విమానం కోసం విడిపోయాం. ఆమె నల్లటి అబాయాలో జనంలో కలిసిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను.

బుధవారం మధ్యాహ్నం తబూక్‌లో దిగేసరికి ఎండ ఉంది కానీ చలి ఎముకలు కొరుకుతోంది. జనవరిలో వచ్చేవాళ్ళు స్వెట్టరు మర్చిపోవద్దు. సుధాకర్ గ్రీజు మరకల చొక్కాతోనే వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. నా సంచీ అందుకుని, "రెండు గంటలే పర్మిషన్," అన్నాడు. పక్కన ఉన్న గఫూర్ మా రాయచోటి మనిషి, ఇక్కడ టాక్సీ నడుపుతాడు. నేను శాలువా తల మీదికి లాక్కుంటుంటే, "ఈడ ఇప్పుడు అబాయా కావల్లని ఎవురూ అడగరక్కా. ఒళ్ళు నిండా గుడ్డ ఉంటే చాలు," అన్నాడు. ఊళ్ళో ఒక షుక్కా తీసుకున్నాం. అంటే వంటగదితో సహా అద్దెకిచ్చే చిన్న ఫ్లాటు, రోజుకు నూట యాభై రియాల్స్. నన్ను అక్కడ దింపి మా ఆయన పనికి పోయాడు.

గురువారం ఆయన డ్యూటీలోనే ఉన్నాడు. ఆయన ఉండే చోటు చూస్తానన్నాను. ఫోన్లోనే అడ్డం పడ్డాడు. "వద్దు మే. ఆ గది నువ్వు చూసే మాదిరి ఉండదు," అన్నాడు. "చూడల్లనే గదా వచ్చినా," అని గఫూర్ కారెక్కాను. ఊరు దాటాక ఎడారి మధ్యలో గుండ్రటి పచ్చటి పొలాలు, ఒక్కొక్కటి మా ఊరంత ఉన్నాయి. వాటి అంచున ఇనప గది, అందులో ఆరు మంచాలు. నేను వస్తున్నానని అందరూ దుప్పట్లు మడిచి, నేల కడిగి పెట్టారు. మా ఆయనతో పనిచేసే రఫీక్, బంగ్లాదేశ్ మనిషి, అన్నం, కోడికూర వండాడు. ఆ కారానికి నా కళ్ళలో నీళ్ళు తిరిగితే అందరూ నవ్వారు. మా ఆయన మాత్రం తలెత్తలేదు. ఇన్నేళ్ళూ వీడియో కాల్ చేసినప్పుడల్లా వెనక తెల్లగోడే ఎందుకు కనపడేదో నాకు ఆరోజు తెలిసింది. ఆ గదిలో ఖాళీగా ఉన్న గోడ అదొక్కటే.

"ఎన్ని దినాలు అడిగినావు?" అన్నాను బయటికొచ్చాక.

"శుక్రవారం ఎట్లా సెలవే. శనివారం కూడా ఇమ్మని అడిగితే 'బుక్రా' అన్నాడు." బుక్రా అంటే రేపు. ఆ రేపు ఎప్పుడూ రాదని ఇక్కడ అందరికీ తెలుసు.

శుక్రవారం పొద్దున ఆరింటికి గఫూర్ కారులో వాది దీసా అనే లోయకు బయల్దేరాం. తబూక్ నుంచి దక్షిణంగా రెండున్నర, మూడు గంటల దారి. రోజంతా కారుకు మూడువందల యాభై రియాల్స్ మాట్లాడుకున్నాం. దారిలో ఒక అఫ్గాన్ రొట్టెల కొట్టు దగ్గర ఆగి, చాట అంత తమీస్ రొట్టెను ముగ్గురం తుంచుకుని, చిక్కుడుగింజల ముద్దతో తిన్నాం. తొమ్మిది దాటాక లోయ ముఖద్వారం చేరాం. మామూలు కార్లు అక్కడే ఆగిపోవాలి. లోపలికి స్థానికుల పికప్పులు తీసుకుపోతాయి. ఒక ముసలాయన రెండువందల యాభై అన్నాడు, గఫూర్ అరబీలో బేరమాడి రెండువందలకు దింపాడు. మేం పికప్పు ఎక్కుతుండగా మా ఆయన ఫోన్ మోగింది. కఫీల్.

అవతలి అరుపు నాకు కూడా వినపడింది. ఫోన్ కింద పెట్టి, "పెద్ద మోటారు ఆగిపోయిందంట. ఇప్పుడే రమ్మంటాండాడు," అన్నాడు. ఇంకో నాలుగడుగులు వేస్తే సిగ్నల్ ఉండదని ముసలాయన ముందే చెప్పాడు. మా ఆయన లోయ వైపు చూశాడు, వచ్చిన దారి వైపు చూశాడు.

"నేనేం చెప్పను. వెనక్కి పోదామంటే పోదాం. కానీ ఏదైనా సరే, నీకు నువ్వే అనుకొని చెప్పల్ల," అన్నాను. పైకి అట్లా అన్నాను గానీ పికప్పు మీద వేసిన చెయ్యి తీయలేదు.

ఆయన పక్కన ఒక రాయి మీద కూర్చుని రఫీక్‌కు ఫోన్ చేశాడు. "రఫీక్ భాయ్, స్టార్టర్ ఖోలో. కాలా వాలా తార్ దేఖో, జలా హై క్యా?" అని, స్టార్టర్ విప్పి నల్ల తీగ కాలిందేమో చూడమనడంతో మొదలుపెట్టి ఒక్కొక్కటే చేయించాడు. కాసేపటికి ఫోన్లోనే మోటారు చప్పుడు వినపడింది. అప్పుడు కఫీల్‌కు చేసి, తనకు వచ్చిన అరబీలోనే చెప్పాడు: "మకీనా షగ్గాల్. అనా ఇజాజా. అహద్ ఈజీ." మిషను నడుస్తోంది, నేను సెలవులో ఉన్నాను, ఆదివారం వస్తాను. అవతల ఏదో గట్టిగా అరిచి ఫోన్ పెట్టేశాడు.

"ఏమన్నాడు?"

"హరూబ్ పెడతాడంట."

గఫూర్ ముఖం మాడిపోయింది. హరూబ్ అంటే పనివాడు పారిపోయాడని ప్రభుత్వానికి ఫిర్యాదు చేయడం. అది పడితే ఉద్యోగం, ఇకామా అనే నివాస పర్మిట్, అన్నీ పోతాయి. "అన్నా, మర్లిపోదామా?" అన్నాడు గఫూర్ మెల్లగా.

"పారిపోయేటోడు ఫోన్ చేసి చెప్పి పోతాడా గఫూరూ? పా లోపలికి," అన్నాడు మా ఆయన.

వాది దీసా గురించి నేను చదివిన మాటలేవీ దానికి చాలవు. రెండు పక్కలా ఎర్రటి ఇసకరాతి కొండలు నిలువునా లేచి ఉన్నాయి. మధ్యలో ఈతచెట్లూ, పికప్పును మించిన ఎత్తు రెల్లూ. ఎడారి దేశంలో చక్రాల కింద గలగలా పారే నీళ్ళు! ఒక వంపు దగ్గర నీళ్ళు ఎగిరి మా ముఖాల మీద పడ్డాయి. మా ఆయన గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నేళ్ళయిందో. ముసలాయన చెట్ల నీడలో బండి ఆపి, పుల్లలు ఏరి టీ కాచాడు. మేమిద్దరం నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాం.

"నీ ఆపరేషన్ అప్పుడు కూడా ఇట్లనే చెప్పి వచ్చేసింటే," అన్నాడు ఉన్నట్టుండి.

నాలుగేళ్ళ కిందటి మాట అది. అప్పుడు నన్ను ఆసుపత్రికి తీసుకుపోయింది మా అక్క. ఆయన రాలేదన్న కోపం లోపల ఇంకా ఉందని ఆ నిమిషం దాకా నాకే తెలియదు.

"అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెప్పినావు," అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. గఫూర్ అటు తిరిగి కొండలు చూస్తున్నట్టు నటించాడు.

మధ్యాహ్నం బయటికి రాగానే ఫోన్ చూశాడు. కఫీల్ నుంచి ఏమీ లేదు, తిట్టు కూడా లేదు. అదే ఎక్కువ భయపెట్టింది. అయినా శనివారం అనుకున్నట్టే హక్ల్‌కు పోయాం. తబూక్ నుంచి పడమరగా మూడు గంటల దారి, సముద్రపు అంచున చిన్న ఊరు. దారి పొడవునా ఆయన ఫోన్లో తన ఇకామా స్టేటస్ తీసి చూస్తూనే ఉన్నాడు. నేను పైకి ధైర్యంగా ఉన్నాను గానీ, నా పంతం ఆయన కూటికి ఎసరు పెట్టిందేమోనని లోలోపల వణికిపోయాను. హక్ల్‌లో నీళ్ళు మన దగ్గర ఎక్కడా చూడని నీలం. అవతలి ఒడ్డున ఈజిప్టు కొండలు. ఇన్నేళ్ళూ ఈ సముద్రానికి మూడు గంటల దూరంలో ఉండి ఆయన ఒక్కసారీ చూడలేదు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి దిగినవాడు, చలికి పళ్ళు కొరుకుతూనే నడుము లోతుకు పోయాడు. ఒడ్డున వేయించిన చేప, అన్నం ముగ్గురికీ తొంభై రియాల్స్. ముళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు.

ఆదివారం పొద్దున్నే ఆయన పనికి పోయాడు. నేను షుక్కాలో స్టవ్ మీద టీ పెట్టి, తాగడం మర్చిపోయి కూర్చున్నాను. పది గంటలప్పుడు ఫోన్ మోగింది.

"రెండు దినాల జీతం కోసినాడు."

"అంతేనా?"

"అంతే. మూడో నంబరు మోటారు సౌండు వస్తాంది, చూడమన్నాడు."

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు మధ్యలోనే ఆయన ముక్కు చీదాడు. ఏడుస్తున్నాడని తెలుసు, నేనూ ఫోన్ పెట్టలేదు.

ఈ కథ చదివి అందరూ ఇట్లాగే తెగించాలని చెప్పను. యజమాని పంతం పట్టి ఉంటే మా కథ వేరేగా ఉండేది, ఆ సంగతి నాకు తెలుసు. బురైదాలో మంగకు ఇట్లా చెప్పి బయటికి నడిచే వీలే లేదు, అదీ తెలుసు. కానీ పనికి పోయినవాళ్ళకు ఆ దేశపు కొండల మీద, నీళ్ళ మీద హక్కు లేదన్నట్టు మాట్లాడేవాళ్ళ మాట మాత్రం ఇక వినను. మోటార్లు బాగుచేసి ఆ ఎడారిని పచ్చగా ఉంచే మనిషి, ఆ నేల మీద రెండు రోజులు భార్యతో తిరగడం ఎవరి దయా కాదు. మా ఆయన ఎగ్జిట్ రీ-ఎంట్రీ ఇంకా రాలేదు. పంట ఎత్తాక ఇస్తామన్నారట. ఇస్తే ఆయన వస్తాడు, ఇవ్వకపోతే మళ్ళీ నేనే పోతాను.

వాది దీసా పోయేవాళ్ళకు ఒక్క సలహా: శుక్రవారమైతే తొమ్మిది గంటలకల్లా లోయ దగ్గర ఉండండి, నమాజు తర్వాత స్థానిక కుటుంబాలు వచ్చి పికప్పులు దొరకవు. లోపల సిగ్నల్ ఉండదు కాబట్టి, ఎవరికి ఏం చెప్పాలో బయటే చెప్పేసి లోపలికి పొండి.