ఎండమావి అనుకున్న నీళ్ళు

మోకాలి ఆపరేషన్ ఖాయమైన వారం మా అక్క వేంపల్లె నుంచి కర్నూలు వచ్చి నా ఇంట్లో దిగింది. కాళ్ళు కడుక్కోకముందే మొదలుపెట్టింది.

"దానిమ్మ చెట్టుకు నీళ్ళు పోసొద్దాం పారా. ఆపరేషన్ అయినాంక ఈ కాలు అంతదూరం నడుస్తాదో లేదో."

నేను పుట్టు పిరికివాణ్ణి. బస్సు బ్రేకు వేస్తే ముందు సీటు పట్టుకుని కళ్ళు మూసుకునే రకం. వద్దనడానికి ఎండ, దూరం, ఆమె మోకాలు, నా బీపీ అన్నీ చెప్పాను. అక్క దగ్గర ఒక్కటీ పనిచేయలేదు.

ఓర్వకల్లు దాటి లోపలికి పోతే పాత చెరువొకటి ఉంది. దాని నడుమ ఒక దిబ్బ, దిబ్బ మీద నవాబుల కాలం నాటి మహలు, చుట్టూ తోట. నీళ్ళుంటే దాన్ని ద్వీపం అనాలి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అందులో నీళ్ళు చూడలేదు. ఆ తోటకు ఎవరూ ఉత్త చేతులతో పోరు. ఎవరి నీళ్ళు వాళ్ళు మోసుకుపోయి ఏదో ఒక చెట్టుకు పోసి వస్తారు. చిన్నప్పుడు అమ్మ మా ఇద్దరికీ చెరొక చెంబు ఇచ్చేది. మా చెట్టు దానిమ్మ. చెరువులోకి నీళ్ళు మోసుకుపోవడం మాకెవరికీ వింతగా ఉండేది కాదు.

ఆటో అతను చెరువు కట్ట మీద దించి, ఒంటిగంటకు వస్తానని వెళ్ళిపోయాడు. నిండు ప్లాస్టిక్ బిందె నేను భుజాన పెట్టుకున్నాను. కాలిబాట పాత వాగు పల్లంలోంచే పోతుంది. మెత్తగా, చదునుగా ఉందని అందరూ అక్కడే నడిచి దారి చేశారు. పల్లంలో దారి పెట్టుకోకూడదన్న ఆలోచన మా వైపు ఎవరికి వస్తుంది? దారికి అటూ ఇటూ రైతులు పొలాలకు ఒండ్రుమట్టి తవ్వుకున్న గుంతలు. కొన్ని మనిషి లోతున ఉన్నాయి. అక్క అడుగడుగుకూ ఆగుతుంటే, ఈమె ఇక్కడే కూలబడితే ఎట్లా మోసేదని నాకు ఒకటే గుబులు.

మహలు సగం పడిపోయింది. సున్నపు గోడల మీద చిలకల బొమ్మలు ఇంకా కనిపిస్తున్నాయి. మెట్ల దగ్గర పడవలు కట్టే ఇనుప కడియానికి తోట చూసే సాయిబు తాత తన మేకను కట్టేసుకున్నాడు. అక్క దానిమ్మ మొదట్లో కూర్చుని, పాదు సరిచేసి, బిందెడు నీళ్ళూ ఒక్క చుక్క పక్కకు పోకుండా పోసింది. అమ్మ గుర్తొచ్చిందేమో, చాలాసేపు లేవలేదు.

నేను మిద్దె ఎక్కి చూశాను. దూరంగా కట్ట కింద ఏదో తెల్లగా మెరుస్తోంది. ఎండమావి అనుకున్నాను. కాసేపటికి అది పెద్దదైంది. ఎండ ముదిరింది కదా అనుకున్నాను. కిందికి దిగి తాతతో మాటవరసకు అంటే, ఆయన గబగబా పైకెక్కి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"ఎండమావి మీద కొంగలు వాల్తాయాప్పా? నీళ్ళు! చెరువుకు కాలవ ఇడిసినారు!"

ఆయన తలగుడ్డ తీసి గాల్లో ఊపాడు. అది సంతోషం. నేను పక్కనున్న గోడ పట్టుకున్నాను. అది భయం. నాకూ అక్కకూ ఈత రాదు.

"దారెంబడి పోవద్దప్పా, అదంతా పల్లం. తుమ్మచెట్ల కాడికి ఎక్కి సుట్టూ పోండి. లేదంటే ఈడనే ఉండండి, నాకాడ రొట్టెలుండాయి."

నీళ్ళు చుట్టుముట్టే చోట ఉండడమా! చుట్టూ పోతే అక్క కాలికి గంటన్నర పడుతుంది. నేను దారే పట్టాను. తప్పు నాదే, ఎవరి మీదా నెట్టను.

మొదట మడమలు తడిశాయి. సగం దారికి వచ్చేసరికి మోకాళ్ళు. నీళ్ళు ఎర్రగా, చెత్తతో, చప్పుడు లేకుండా వస్తున్నాయి. దారేదో గుంతేదో తెలియడం లేదు. ఖాళీ బిందె అక్క చంకలో ఉంది. ఆమె రెండో చెయ్యి నా చేతిలో బిగించి పట్టుకున్నాను.

"నిదానంగా రా. యాడికి ఉరుకుతాండావు?" అంటోంది అక్క.

ఇంకో అడుగు వేశాను. కింద నేల లేదు. నడుముదాకా దిగబడ్డాను. ఆ తర్వాత నేనేం చేశానో నాకు తెలియదు. గడ్డి పట్టుకుని, పాకి, గట్టి నేల మీద నిలబడి ఊపిరి పీల్చుకున్నాక చూస్తే చెయ్యి ఖాళీగా ఉంది. అక్క పది అడుగుల వెనక, తొడల్లోతు నీళ్ళలో నిలబడి నన్నే చూస్తోంది. ఖాళీ బిందె బోర్లించి నీళ్ళ మీద ఆనించుకుని, కాలితో నేల తడుముకుంటూ, గుంతను చుట్టి, తనంతట తనే వచ్చింది. నేను వెనక్కి ఒక్క అడుగు కూడా వేయలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

కట్ట ఎక్కాక తన కొంగుతో నా ముఖం తుడిచింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. చూడటానికి వచ్చిన బంధువులందరికీ అక్క ఆ చెరువు కథ చెప్పింది.

"అంత నీళ్ళలో గూడా మా తమ్ముడు చెయ్యి ఇడ్సలేదు. శానా గట్టిగా పట్టుకోని తెచ్చినాడు."

అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేను తల వంచుకుని బత్తాయిలు ఒలుస్తూ కూర్చున్నాను.

మూడోరోజు అక్కను నడిపించమని నర్సు చెప్పింది. మంచం పక్కన నిలబడి చెయ్యి చాచాను. అక్క నా అరచేతిని పట్టుకోలేదు. ఇంకాస్త పైకి, నేను వదిలినా జారిపోకుండా, మణికట్టు దగ్గర, తన రెండు చేతులతో పట్టుకుని లేచింది.