అప్పలస్వామి మీద పడిన నా తప్పు

మొన్న సైకిలు గొలుసు బాగుచేసి, చేతికంటిన మడ్డిని కిరసనాయిలుతో కడుక్కుంటుంటే ఆ వాసనకు బొబ్బిలి అచ్చాఫీసు కళ్ల ముందుకొచ్చింది. రోజూ సాయంత్రం సీసపు అక్షరాలు కిరసనాయిలుతో కడిగి, చూడకుండానే వేటి గడిలో వాటిని వేసే కంపోజిటర్ అప్పలస్వామి గుర్తొచ్చాడు. ఆయన చేశాడని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకునే తప్పు ఒకటుంది. అది ఆయనది కాదు.

అరవైల చివర నేను బి.ఏ. పూర్తిచేసి, ఉద్యోగం వచ్చేదాకా అక్కడ ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఆయన చదివింది ఐదో తరగతి. ఇంగ్లీషు అర్థం కాదు గాని, అక్షరాల వరస వేళ్లకు తెలుసు. ఒకేలా పలికి వేరుగా రాసే మాటలంటేనే ఆయనకు బెంగ. అచ్చుపనికి వచ్చిన ప్లీడర్లనూ డాక్టర్లనూ అడిగి, అలాంటి జంటలన్నీ ఒక అట్ట మీద రాసి, గుర్తుకోసం బొమ్మలు వేసుకున్నాడు. 'స్టేషనరీ' రెండు రకాలు. కదలకుండా ఉన్నదైతే చివర 'ఏఆర్‌వై', కాగితాలూ కలాలూ అయితే 'ఇఆర్‌వై'. మొదటిదాని పక్కన పడుకున్న ఎద్దు, రెండోదాని పక్కన పలక. "ఇది లెగని ఎద్దు బాబూ. పలుకు ఒకటే, అచ్చరం ఏరు," అని చూపించాడు. నేను నవ్వాను.

ఆ ఏడు ఒక కాలేజీ వార్షికోత్సవం ఆహ్వానాలు మాకు అచ్చుకొచ్చాయి. అదే కాలేజీలో ట్యూటరు పనికి నేను దరఖాస్తు పెట్టి ఉన్నాను. ప్రిన్సిపాల్ అన్న మాటకు చివర 'పీఏఎల్' అని అప్పలస్వామి సరిగ్గానే కూర్చాడు. నేను ఎర్రసిరాతో కొట్టేసి 'పీఎల్ఇ' చేశాను. అలా రాస్తే దానికి నియమమని అర్థం. ఆయన అట్టనూ ప్రూఫునూ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"కాలేజీ పెద్దకి తలపాగా బొమ్మేసుకున్నాను. మీరు దిద్దినది దాటకూడని గీత బొమ్మేసిన మాట. ఓపాలి డిక్షనరీ సూడండి బాబూ."

"బి.ఏ. నువ్వు చదివావా, నేను చదివానా?" అన్నాను. డిక్షనరీ నా బల్ల మీదే ఉంది. ఆయన వెళ్లి అక్షరాలు మార్చాడు.

ఆహ్వానాలు పంచేశాక కాలేజీ మనిషి మండిపడుతూ వచ్చాడు. ఇదెవరి పని అని యజమాని అడిగాడు. ఎర్రసిరా ప్రూఫు నా జేబులో ఉంది. తల దించుకున్నాను. అప్పలస్వామి నావైపు ఒకసారి చూసి, "నా సెయ్యి తప్పిందయ్యా," అన్నాడు. యజమాని ఆ అట్టను మా ముందే చింపేశాడు. ఆనాటి నుంచి ఆయనకు ఇంగ్లీషు పని ఇవ్వలేదు. తెలుగు శుభలేఖలే మిగిలాయి.

ఎందుకలా చెప్పావని తర్వాత అడిగాను. "నిజం సెప్తే ఆ కాలేజీవోలు మీకు ఉజ్జోగం ఇస్తారేటి?" అన్నాడు. నేనక్కడున్న మిగతా రోజుల్లో ఆయన ఇంగ్లీషు అక్షరాల గడుల వైపు వెళ్లడం చూడలేదు.

ఉద్యోగం వచ్చింది. ఆ ఎద్దుతో, ఆ పలకతోనే పాతికేళ్లు ఇంగ్లీషు చెప్పాను. పిల్లలు అవి నా బొమ్మలనుకున్నారు, అనుకోనిచ్చాను. ఈలోగా అప్పలస్వామీ పోయాడు, యజమానీ పోయాడు. పోయిన నెల ఒక పెళ్లిలో ఎవరో ఆ ఆహ్వానం కథ ఎత్తి, ఐదో తరగతివాడికి ఇంగ్లీషు అప్పగిస్తే అంతేనంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. అందుకే రాస్తున్నాను: ఆ అక్షరాలు మార్పించింది నేను.

ఇప్పుడు ఇంటికి చదువుకోడానికొచ్చే పిల్లల పుస్తకాల్లో ఒక మాట తప్పనిపిస్తే వెంటనే కొట్టెయ్యను. ఇలా ఎందుకు రాశావని అడుగుతాను. చెప్పడం పూర్తయ్యేదాకా కలం మూత తియ్యను.