పైడితల్లి వాయించిన సంగతి

నకలు. ఈ మాట చాలా ఏళ్లుగా నా గుండెల మీద బండలా ఉంది. ఎవరైనా మామూలుగా అన్నా ఉలిక్కిపడతాను. ఇక మీకు చెప్పేస్తాను.

నేను విజయనగరంలో వీణ నేర్పుతాను. నా పద్ధతి ఒకటే. నేను వాయిస్తాను, పిల్లలు అచ్చం అలాగే వాయించాలి. సొంత తెలివి చూపిస్తే కసురుతాను. అప్పట్లో బొబ్బిలి దగ్గర పల్లె నుంచి వచ్చే పైడితల్లి అలా ఎన్ని తిట్లు తిందో! ఆ ఏడు వీణ పోటీలో గెలిస్తే సంగీత కళాశాలలో చేర్పిస్తానన్నాడు, వ్యవసాయం చేసుకునే వాళ్ల నాన్న.

ఒకే పల్లవిని రకరకాల మలుపులు తిప్పి వాయిస్తాం. ఒక్కో మలుపు ఒక్కో సంగతి. ఆ పోటీలో పైడితల్లి కొత్త సంగతి వేసింది. పైకి వెళ్తుందనుకున్న చోట కిందికి దిగి, అక్కడే ఆగి, మెల్లగా లేచింది. నా ఒళ్లు జలదరించింది. ఆ వెంటనే మండింది కూడా. ఇన్నేళ్ల సాధనలో ఇది నాకెందుకు తట్టలేదు?

ఆ పోటీలో సొంత కల్పనకే ఎక్కువ మార్కులు. ముందు వరసలో కూర్చున్న నన్ను న్యాయనిర్ణేత అడిగారు.

"అమ్మా, ఆ సంగతి పిల్ల సొంతమా, మీరు నేర్పిందా?"

"నాదే. పిల్లది ఉత్త నకలు" అన్నాను.

నమ్మారు. గురువు వాయించిందే శిష్యులు వాయిస్తారని అందరికీ తెలుసు కదా. బహుమతి ఇంకొకరికి పోయింది.

హాలు గుమ్మం దగ్గర పైడితల్లి నన్ను ఆపింది.

"అదెప్పుడు నేర్పినారు టీచరమ్మా? నాను ఇన్నేదే."

"నా దగ్గర నేర్చుకున్నదంతా నాదే."

"అలగైతే మీకాడే ఉంచీసుకోండి."

మళ్లీ నా గడప తొక్కలేదు. కళాశాలకూ వెళ్లలేదు.

ఉంచుకుని ఊరుకున్నానా? కచేరీల్లో వాయించి చప్పట్లు కొట్టించుకున్నాను. అది అసూయా, నా శిష్యురాలు నన్ను దాటిపోతుందన్న భయమా అని ఎన్నోసార్లు తరచి చూసుకున్నాను గానీ, ఏ పేరు పెట్టినా దొంగతనం దొంగతనమే. పైగా దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు.

పైడితల్లి ఇప్పుడు సాలూరులో ఉంటోందట. ఇంట్లో వీణ లేదట. క్షమించమని అడగడానికి వెళ్లను. వెళ్తే ఆమె మళ్లీ నాకే ఏదో ఒకటి ఇవ్వాల్సి వస్తుంది. తీసుకున్నది చాలు.

మొన్న పాఠంలో ఆ సంగతి దగ్గరికి వచ్చి ఆగిపోయాను. "ఇది నాది కాదు. పైడితల్లి అనే నా శిష్యురాలిది. నేను దొంగిలించి, ఆమెది నకలన్నాను" అని చెప్పేశాను. పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గులోనే ఊపిరి కూడా ఆడింది.

వాళ్లలో సగం మంది రేపటి నుంచి మానేస్తారేమో. మానేయనీ. వచ్చినవాళ్లకి ఆమె పేరు చెప్పే నేర్పుతాను.