కామేశ్వరి గారు తెలీదన్న రోజు

రాయగడలో నా మందుల షాపుకి మొన్న ఒకాయన వచ్చి, చేతిలోని సీసా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టి, "ఇది మంచిదేనా?" అన్నాడు. పసుపు గుళికలు. పసుపూ మిరియాలూ కలిసిన ఆ ఘాటుకి సునాబెడలో డాక్టరు కామేశ్వరి గారి క్లినిక్కు గుర్తొచ్చింది. ఆవిడ దగ్గర మందులిచ్చే పనిలో చేరేనాటికి నా ఫార్మసీ చదువు ముగిసి ఎన్నాళ్లో కాలేదు. మందంటే చీటీలో రాసిందే అనుకునేదాన్ని. ఆవిడ మాత్రం చీటీ రాసేముందు ప్రతివారినీ, "ఇంకా ఏటేటి మింగుతున్నారు?" అని అడిగేవారు. చూర్ణాలు, బలం పొడులు, పక్కింటివాళ్లిచ్చిన బిళ్లలు, అన్నీ చెప్పేదాకా వదిలేవారు కారు.

సునాబెడ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరైన అప్పలస్వామి గారికి గుండె కవాటం మార్చారు. రక్తం గడ్డకట్టకుండా ఆయన రోజూ మాత్ర వేసుకోవాలి. ఒకసారి చిగుళ్ల నుంచి రక్తం కారుతూ, చేతుల నిండా నల్లటి మచ్చలతో వచ్చారు.

"మీరు రాసినవే అమ్మా. ఇంకేటీ లేదు," అన్నారు.

ఆయన భార్య సంచిలోంచి సీసా తీసింది. "ఇయ్యేటి మరి? మోకాళ్లకని అమ్మాయి పంపింది. సెప్పవేటి?"

"అది మందేటే? పసుపే గదా."

ఆ మాత్రతో కలిస్తే పసుపు గుళికలు రక్తాన్ని మరీ పలచబరచవచ్చని కామేశ్వరి గారు వాటిని ఆపించి, వెంటనే రక్తపరీక్ష చేయించి, మాత్ర మోతాదు సరిచేశారు. రక్తం ఆగింది. సంగతి తేలిపోయిందనుకున్నాను.

మళ్లీ వచ్చినప్పుడు అప్పలస్వామి గారిని ఇద్దరు పట్టుకుని నడిపించారు. మోకాళ్లు బిగుసుకుపోయాయి. బజారుకి వెళ్లడం, నలుగురితో కూర్చోవడం మానేశారట.

"నెత్తురు ఆగిందమ్మా, కాళ్లూ ఆగిపోయేయి. ఆ బిళ్లలు పని సేసేయి. మళ్లీ ఏసుకోనా?"

కామేశ్వరి గారు కళ్లజోడు తీసి ఆయన మోకాళ్లు నొక్కి చూశారు. "వద్దు. తలలో రక్తం కారితే మిమ్మల్ని నేను కాపాడలేను. కానీ మీ కాళ్లకి అవి నిజంగా పనిచేశాయో లేదో నాకు తెలీదు."

ఆ సాయంత్రం ఆవిడ అడిగితే పసుపు గుళికల మీద కొత్త పరిశోధనలు వెతికి చదివి వినిపించాను. కొన్ని నొప్పి తగ్గుతుందన్నాయి. కొన్ని మందు లేని ఉత్త బిళ్లకీ దానికీ తేడా కనబడలేదన్నాయి. కవాటం మార్చి, రోజూ ఆ మాత్ర వేసుకునే అప్పలస్వామి గారిలాంటి మనిషి మాత్రం వాటిలో ఎక్కడా నాకు తగల్లేదు. చదివినకొద్దీ తల దిమ్మెక్కింది.

"మరి ఏది నమ్మాలండీ?"

"నాకూ అదే తెలీటం లేదమ్మీ. తెలీదని ఆయనకి చెప్పేను గదా, అదొక్కటీ నిజం."

ఆవిడ చెప్పిన వేడి కాపడం, కాళ్ల వ్యాయామాలు చేస్తూ, ఎండలు ముదిరేసరికి ఆయన కర్ర పట్టుకుని బస్టాండుదాకా నడవసాగారు. వ్యాయామమా, ఎండా, భార్య పోరా, ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేకపోయారు. కామేశ్వరి గారు కూడా తేల్చకుండానే పోయిన వానాకాలంలో కన్నుమూశారు.

"ఇది మంచిదేనా?" అని మొన్న సీసా తెచ్చినాయనలాగే షాపులో రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. ఇంకా ఏమేం వాడుతున్నారో కనుక్కుంటాను, డాక్టరుకి చూపించమంటాను. ఆపైన తెలియనిదాన్ని తెలీదనే అంటాను. కొందరు ముఖం చిట్లించి పక్క షాపుకి పోతారు. వాళ్లకి మేలు చేశానో కీడు చేశానో తేల్చుకోలేను. తర్వాత వచ్చినవాళ్లకీ అదే చెబుతాను.