పడిశం పట్టిన నేల

చెక్క నేలను నీళ్లతో కడగరాదు. మా ఇంట్లో ఈ సంగతి పట్టించుకున్న ఒక్క మనిషీ వెళ్లిపోయింది గనుక, మరో ఇంట్లోనైనా ఈ నష్టం జరగకూడదని రాసిపెడుతున్నాను.

జగిత్యాలలోని మా పాత ఇంటి మేడగదిలో నేలంతా టేకు పలకలే. దాని బాగోగులు నా భార్యవి. సిరిసిల్ల పుట్టింటి నుంచి తెచ్చుకున్న పాత నూలు చీరల పీలికలను తడిపి, తడి చేతికి అంటనంత గట్టిగా పిండి, పలకల పొడవు వెంబడే తుడిచేది. ఏటా ఎండలు ముదిరినప్పుడు అవిసె నూనె పలుచగా పట్టించి పొడిగుడ్డతో రుద్దేది. శుక్రవారం వస్తే ఇల్లంతా కడిగే మా వాడలో ఇది వింత.

కోరుట్ల నుంచి వచ్చినప్పుడల్లా మా అక్క ఎగతాళి చేసేది. "ఏందే మరదలా, నేలకు నూనె రాస్తవు గని తానం జేపియ్యవా?"

"తానం జేపిస్తె దానికి పడిశం వడ్తది వదినె!" అనేది నా భార్య.

పోయిన వానాకాలంలో ఆమె కన్నుమూసింది. దినాలు ముగిసిన నాడు నేను వాకిట్లో బంధువులను సాగనంపుతుండగా, అక్క పసుపునీళ్ల బిందెలను మేడ మీదికి మోయించి గుమ్మరించింది. నేను వెళ్లేసరికి పలకల సందుల్లోకి నీళ్లు దిగుతున్నవి.

"ఇదేం పని అక్కా?"

"సావైన ఇల్లు కడుగకుంటె ఎట్లరా తమ్మీ? మైల పోవద్దా?"

ఆచారం ప్రకారం ఆమె తప్పేమీ చేయలేదు.

ముసురు విడవలేదు, నేల ఆరలేదు. పలకల అంచులు పైకి లేచినవి. పిలిపించిన వడ్రంగి కాలితో తొక్కి చూశాడు.

"పీకేసి టైల్స్ ఏపియ్యుండ్రి సార్."

"చిత్రిక పడితే?"

"వట్టొచ్చు. గని పైపొరంత పోతది."

ఆమె చేయి తిరిగి తిరిగి నునుపు తేలినది ఆ పైపొరే. వద్దన్నాను.

మాసికానికి వచ్చిన అక్క వంగి, లేచిన అంచును తడిమింది. "మరదలు అన్నదే అయింది గదరా తమ్మీ. పడిశం వట్టింది." ఇద్దరమూ నవ్వలేదు.

ఇప్పుడు రోజూ నేనే తుడుస్తున్నాను. అంచులకు తగులుకొని గుడ్డ చిరుగుతున్నది. మెరుపు రావడం లేదు, ఇక రాదు కూడా. నూనె పట్టించాక ఎంతసేపు ఆగి పొడిగుడ్డతో రుద్దేదో నేనెన్నడూ గమనించలేదు. పైన రాసిన పద్ధతిలో ఎక్కడ పొరపాటున్నా చదివినవారు దిద్దవలసిందిగా కోరుతున్నాను. దిద్దగలిగిన మనిషి ఇంట్లో లేదు.