బ్రేకుకు మిషను నూనె

చేతికి ఒక పానా దొరికితే చాలు, లోకంలో మనం బాగుచేయలేనిది ఏదీ లేదనిపించే వయసొకటుంటుంది. ఆ రోజుల్లో నేను మిర్యాలగూడ నుంచి త్రిపురారం దగ్గరి ఒక ప్రైవేటు బడికి నాన్న పాత స్కూటరు మీద వెళ్లి, తొమ్మిదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పేవాణ్ని. స్కూటరు నాకంటే రెండేళ్లు పెద్దది. బ్రేకు తొక్కితే కీచుమని అరిచేది, గేటు దగ్గర పిల్లలు చెవులు మూసుకుని నవ్వేవారు. (సైన్సు సారుకు ఎంత నామోషీ!) "గీ పాత బండి పాణం మీదికి తెస్తది. అమ్మేస్త, బస్సుల పో" అని నాన్న రోజూ అదే పాట. నాకేమో ఆ స్కూటరంటే ప్రాణం. "జర ఆగు నాన్నా, నేనే బాగుచేస్త" అని పంతం పట్టాను.

ఆదివారం చక్రాలు విప్పి, అమ్మ కుట్టుమిషను నూనె తెచ్చి, వెనక బ్రేకు షూలకు శ్రద్ధగా పట్టించాను. ముందుదానికి అన్యాయం చేయడమెందుకని దానికీ పట్టించాను. అరుపు మాయం! సోమవారం నాన్నకు చూపిద్దామని వెనక ఎక్కించుకుని బడికి బయలుదేరాను. మలుపుల్లో కాస్త జారినట్టనిపించినా, కొత్తగా వచ్చిన మెత్తదనమనుకున్నాను. బడి గేటు వచ్చింది. బ్రేకు తొక్కాను. గేటు వెళ్లిపోయింది. "నమస్తే సార్" అన్న పిల్లలకు అలవాటుగా తలూపుతూనే వాళ్లను దాటి, పక్కనున్న బురద పొలంలో దిగబడ్డాం.

దెబ్బలేమీ తగల్లేదు. నాన్న మోకాలి లోతు బురదలో నిలబడి, "ఏం జేసినవ్ ర దీన్ని?" అన్నాడు. దాచకుండా చెప్పాను. ఒడ్డు మీది నుంచి మా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఎంతో మర్యాదగా, "సార్, నూనె పెడితే ఘర్షణ తగ్గుతదని మొన్న మీరే చెప్పిన్రు గద" అంది. (పరీక్షలో ఆ ప్రశ్న కూడా నేనే ఇచ్చాను.)

"ఇగ ఖతం. వచ్చే ఆదివారం బండి అమ్ముడే" అన్నాడు నాన్న.

"ఆదివారం దాక టైమున్నది గద" అన్నాను.

ఆ వారమంతా బడికి బస్సులోనే వెళ్లినా, సాయంత్రాలన్నీ స్కూటరు ముందే గడిపాను. బ్రేకు డ్రమ్ములు పెట్రోలుతో కడిగాను, గరుకు కాగితంతో రుద్దాను. నూనె తాగిన షూలు పనికిరావని మెకానిక్కు తేల్చి చెబితే, కొత్తవి తెచ్చి నేనే బిగించాను. కేబులు వదులైందని మూడుసార్లు విప్పి మూడుసార్లు కట్టాను. ఆదివారం పొద్దున నాన్న తనే బండెక్కి వీధి చివరి దాకా పోయి, వేగంగా తిరిగొచ్చి మా గుమ్మం ముందు బ్రేకు తొక్కాడు. బండి అక్కడికక్కడే నిలబడింది. నాన్న దిగి, తాళంచెవి నా చేతిలో పెట్టి, "నువ్వు నడుపు. నేను ఎనుక కూసుంట" అన్నాడు.

ఇప్పుడు సూర్యాపేటలో ఉంటున్నాను, కారుంది. బ్రేకు దీపం వెలిగితే షెడ్డుకు తీసుకెళ్లి, ఏం చెడిందని కూడా అడగకుండా అద్దాల గదిలో టీ తాగుతూ కూర్చుంటాను. వారం రోజులు గోళ్ల నిండా మసితో పాఠాలు చెప్పిన ఆ కుర్ర సారు ఎదురుపడితే నన్ను చూసి నవ్వుతాడు. నవ్వనీ, వాణ్ని తలుచుకుంటే నాకూ నవ్వే వస్తుంది. కొంచెం అసూయ కూడా.