మైకుసెట్టు విరత్మో వదిలేసిన పేరు

ఇండోనేషియాలోని సోలో ఊళ్లో, మా లవేయాన్ సందుల్లో పెళ్లయినా, సున్తీ విందయినా మైకుసెట్టు విరత్మోదే. నల్ల డబ్బాలు తోపుడుబండి మీద పేర్చుకుని పెళ్లికొడుకు కంటే ముందే దిగిపోతాడు. పాటలు నాలుగు వీధులకి వినపడేలా పెడతాడు గానీ తను మాత్రం నోరు విప్పడు. పలకరిస్తే నవ్వుతాడు, ఇంకోసారి పలకరిస్తే తల గోక్కుంటాడు. అంతే మనిషి.

కూతురు పుట్టినప్పుడు మాత్రం నోరు విప్పాడు. పేరు నేనే పెడతానన్నాడు. పెట్టాడు మహానుభావుడు, హయునింగ్రాత్ అని! లోకానికంతటికీ అందం అని అర్థం. రాజుగారి కోటలో పిల్లలకి పెట్టుకునే పేరు. సందంతా బుగ్గలు నొక్కుకుంది. అత్తగారు కార్సి అయితే మొహం మీదే అనేసింది.

"అల్లుడూ, ఆ పేరు మోయాలంటే ఇంటి ముందు ఏనుగుండాలి. నీ దగ్గరున్నది తోపుడుబండి."

ముసలావిడ నాలిక మీద ఏం మచ్చ ఉందో గానీ పిల్లకి మూడో ఏడు రాగానే దగ్గు పట్టుకుంది. చిన్న దగ్గు, గొంతులో గింజ అడ్డం పడ్డట్టు. ఆసుపత్రులు తిరిగారు, మందులు పోశారు. పిల్ల ఎముకల గూడయి మంచానికి అతుక్కుపోయింది. మా వాళ్లలో ఇలాంటప్పుడు ఆఖరికి అందరూ చూసేది ఒకటే. పేరు బరువెక్కువైతే పసిది మోయలేదు. కార్సి బియ్యం కడిగి ఎర్రజావ, తెల్లజావ కాచింది. ఒకదాంట్లో తాటిబెల్లం, ఒకదాంట్లో కొబ్బరిపాలు. ఇరుగు పొరుగుని కూర్చోబెట్టి, దువా ప్రార్థన చదివించి, పిల్ల చెవిలో కొత్త పేరు చెప్పింది. తుమినీ. సంతలో ముల్లంగి అమ్ముకునే అవ్వలకుండే పేరు, గాలికి ఎగిరిపోయేంత తేలిక.

"రోగం పేరుని పట్టుకునుంటుంది. పేరు వదిలేశాం, అది దాంతోనే పోతుంది. ఇక ఆ పేరు ఇంకెవరికీ పెట్టకండి, ఇంట్లో పలకనుకూడా పలకకండి" అని మరీమరీ చెప్పింది కార్సి.

వారం తిరక్కుండా పిల్ల లేచి కూర్చుని అన్నం అడిగింది. ఆ తర్వాత తుమ్మితే ఒట్టు. బళ్లో పిల్లలు "తుమినీ, ముల్లంగి కట్టెంతే?" అని ఏడిపిస్తే, "నీ మొహానికి ఊరికే ఇస్తా, పట్టుకుపో" అనేది. కూరల గంపతో వచ్చే జుమిరాకి ఆ పాతకాలం పేరంటే మహా ముద్దు. వాకిట్లో నిలబడి "తుమినీ! ఓ తుమినీ!" అని కేకేస్తే గాని ఆవిడకి బేరం మొదలవదు.

అందరూ సుఖంగా ఉన్నారు, ఒక్క విరత్మో తప్ప. ఆ పేరంటే అతనికి ప్రాణం. ఎవరికీ చెప్పుకోలేదు, మింగేశాడు.

పిల్ల మంచం పట్టిన రోజుల్లో, పక్కన కూర్చుని అతను చేతిలో పట్టేంత ఆటపెట్టెతో ఒక వీడియో గేమ్ ఆడేవాడు. సముద్రానికి అవతల ఏదో కంపెనీ ఎప్పుడో చేసింది. ఊరూ పేరూ లేని ఓ చిన్నపిల్ల లాంతరు పట్టుకుని వంతెన మీద వంతెన దాటుకుంటూ పోతుంది. ఆఖరి వంతెన మీద లాంతరు ఆరిపోతుంది. ఆట అయిపోతుంది. ఇదేం ముగింపురా పాపిష్టి వెధవల్లారా అని తిట్టుకున్నాడు. నా పిల్ల లేచిందంటే నీ లాంతరు నేను వెలిగిస్తా, నిన్ను ఇల్లు చేరుస్తా అని ఆ బొమ్మకి మొక్కుకున్నాడు. మనుషులు దర్గాకి మొక్కుకుంటారు, మనవాడు బొమ్మకి మొక్కుకున్నాడు.

పిల్ల లేచింది. విరత్మో మొక్కు తీర్చడం మొదలుపెట్టాడు. ఇంటిని ఆనుకునున్న మైకుల కొట్టు వెనక గదిలో, పెళ్లిళ్లు లేని రోజుల్లో, కంప్యూటర్ ముందు కూర్చుని చూసీ చూసీ నేర్చుకున్నాడు. ఏళ్లు పట్టింది. ఆరిన లాంతరు దగ్గర్నించి ఆటని ముందుకి పొడిగించాడు. కొత్త వంతెనలు, వెదురు తోపులు, మన వానలు, మన కప్పలు. ఆ పిల్లకి గొంతు కూడా ఇచ్చాడు. దగ్గు రాకముందు కూతురి మాటలు ఒక క్యాసెట్లో పట్టి దాచుకున్నాడు, అందులోంచి ఒక్క ముక్క తీశాడు. ఆడేవాళ్లు మీట నొక్కి పిలిస్తే లాంతరు పిల్ల వెనక్కి తిరిగి "ఆఁ... వస్తున్నా" అంటుంది.

గొంతు ఇచ్చిన చెయ్యి అక్కడ ఆగొచ్చుగా! పేరు కూడా ఇచ్చాడు. హయునింగ్రాత్. బొమ్మకేం రోగం వస్తుందిలే అనుకున్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఊరికే పంచిపెట్టాడు ఆ ఆటని. ఇంటర్నెట్‌లో పెట్టగానే ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి అక్కడే ఆడుకున్నారు. మెదాన్ నుంచి మకస్సర్ దాకా, ఆ పైన సముద్రాల అవతల కూడా. అందరూ ఆ పిల్లని పేరుపెట్టి పిలుస్తున్నారు. విరత్మోకి కడుపు నిండిపోయింది.

అప్పుడొచ్చింది మొదటి కబురు. బండుంగ్‌లో ఆడే ఆవిడెవరో రాసింది: "వెదురు వంతెన దగ్గర పిల్ల దగ్గుతోందండీ, పాపం. కావాలనే పెట్టారా?"

పెట్టలేదు. శబ్దాలన్నీ విప్పి చూశాడు. దగ్గు ఎక్కడా లేదు. తనే ఆడి చూశాడు. బయట మధ్యాహ్నం వాన రేకుల మీద దడదడలాడుతోంది. వెదురు వంతెన దగ్గర లాంతరు పిల్ల ఆగింది, ఒంగింది, దగ్గింది. గొంతులో గింజ అడ్డం పడ్డట్టు. విరత్మో కంప్యూటర్ కట్టేసి, వెళ్లి తుమినీ నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు.

"ఏంటి నాన్నా? మైకు అనుకున్నావా, తుడుస్తున్నావ్?" అంది పదిహేనేళ్ల తుమినీ. నుదురు చల్లగా ఉంది.

ఆ నెలలోనే, అసలు ఆట చేసిన కంపెనీ తరఫున, జకార్తా నించి లాయరు నోటీసు వచ్చింది. వెనకే ఫోను. ఆ లాయరే, వెరోనికా అని, మెత్తని గొంతు. పాక్, అంటే అయ్యగారూ, అని మర్యాదగానే పిలిచింది. తిట్టినా బాగుండేది.

"పాక్ విరత్మో, ఆ ఆటని వెంటనే తీసెయ్యాలి. కాపీలన్నీ నాశనం చేసి, ఏమీ మిగల్లేదని స్టాంపు కాగితం మీద రాసివ్వాలి. లేకపోతే కోర్టు."

"నేను పైసా తీసుకోలేదమ్మా. ఊరికే ఇచ్చాను."

"డబ్బు సంగతి కాదండీ. ఆ పిల్ల కంపెనీది."

"పిల్ల మీదెలా అవుతుంది? మీరు పేరు కూడా పెట్టలేదు!"

"పేరు పెట్టినంత మాత్రాన మీదైపోదండీ" అంది వెరోనికా. అంత దూరాన ఏసీ గదిలో కూర్చున్న మనిషి ఇంత నిజం ఎలా చెప్పిందో!

కోర్టంటే మనలాంటి వాడికి గుండె గుభేలుమనదూ? విరత్మో ఆ సాయంత్రమే ఆటని ఇంటర్నెట్‌లోంచి తీసేశాడు. పొద్దుగూకి మసీదులో మగ్రిబ్ అజాన్ అవుతోంది. వంటింట్లో తుమినీ గిన్నెలు తోముతోంది. ఒక్కసారి దగ్గింది.

పదిహేనేళ్ల పిల్ల దగ్గు కాదది. మూడేళ్ల పిల్లది. అంత పొడుగు పిల్ల గొంతులోంచి అంత చిన్న దగ్గు వస్తే తల్లి ముర్నియాతి చేతిలో అట్లకాడ జారిపోయింది. తెల్లారేసరికి ఒళ్లు కాలిపోతోంది. ఆరోగ్య కేంద్రంలో రక్తం తీశారు, ఏమీ లేదన్నారు. ఆ వారంలోనే బుగ్గలు పీక్కుపోయాయి.

విరత్మో దొంగలా కొట్టులోకి వెళ్లి ఆటని మళ్లీ ఇంటర్నెట్‌లో పెట్టాడు. సాయంత్రానికి జ్వరం దిగింది. తుమినీ సోయా టెంపే ముక్కలు వేయించమని గొడవ చేసింది. అతను గోడకి ఆనుకుని ఏడ్చాడు. రెండో నోటీసు వచ్చింది. ఈసారి కోర్టు తేదీతో.

పెద్దప్రాణం కార్సికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అల్లుణ్ణి కొట్టులోనే పట్టుకుంది.

"ఆ దగ్గు నాకు తెలుసు. దాన్ని నేను పంపించేశాను. ఎవరు పిలిచారు మళ్లీ?"

విరత్మో తల గోక్కున్నాడు. ఇంకోసారి అడిగితే కంప్యూటర్ వైపు వేలు చూపించాడు.

ముసలావిడ తెర ముందు చతికిలబడి లాంతరు పిల్లని చాలాసేపు చూసింది. పిల్ల దగ్గుతూ, ఆగుతూ, వంతెన దాటుతోంది. తిడుతుందనుకున్నాడు అల్లుడు.

"ఎముకలగూడయి పోయింది రా" అంది కార్సి. "రోగమంతా ఇదే మోస్తోంది. దీన్ని చంపితే అది ఇంకెక్కడికి పోతుంది? పాత ఇంటికే పోతుంది. బుద్ధిలేని వాడా, లోకం మీద ఇన్ని పేర్లుండగా నీకు ఇదే దొరికిందీ?"

"ఇప్పుడేం చెయ్యనత్తా? చెరిపితే నా పిల్ల పోతుంది. చెరపకపోతే నన్ను తీసుకుపోతారు."

"దీనికీ జావ కాద్దాం. తేలిక పేరు పెట్టి, రోగం దించి, చక్కగా పంపిద్దాం. ఇదీ మన పిల్లే. కానీ అల్లుడూ, ఈ బరువు పేరు మళ్లీ గాలికి వదిలితే ఇంకెవరి పసిదానికో తగులుతుంది. ఎవరో ఒకరు మోయాలి."

గుమ్మంలో తుమినీ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో.

"నేను మోస్తా" అంది.

"నోర్ముయ్!" అన్నాడు విరత్మో. ఇంట్లో అతను అరవడం అదే మొదలు.

"నాదేగా నాన్నా ఆ పేరు? అప్పుడు మూడేళ్లదాన్ని, మోయలేకపోయాను. ఇప్పుడు నీ స్పీకర్ డబ్బా ఒక్కదాన్నే ఎత్తుతున్నాగా. దానికి నా పేరియ్యి. తేలికగా ఉంటుంది, నాకు బాగా పనిచేసింది." తెర వైపు చూసి ముక్కు ఎగబీల్చింది. "ఇన్నాళ్లూ నా బదులు అది దగ్గింది. సిగ్గుండక్కర్లేదూ మనకి?"

ముర్నియాతి ఒప్పుకోలేదు, ఏడ్చింది, తల్లికి శాపనార్థాలు పెట్టింది. వద్దు వద్దంటూనే కొబ్బరి కోరింది. కోర్టు తేదీ ముంచుకొస్తోంది.

శుక్రవారం మధ్యాహ్నం నమాజయ్యాక స్పీకర్ డబ్బాల మధ్య చాప వేశారు. ఎర్రజావ, తెల్లజావ చిన్న గిన్నెల్లో తెర ముందు పెట్టారు. దువా కార్సియే చదివింది. బయటివాళ్లని పిలిస్తే నవ్వుతారని పిలవలేదు. విరత్మో ఆటలో పేరు మార్చాడు. తుమినీ మీట నొక్కి పట్టుకుంది. వంగి, తెరకి దగ్గరగా, చెల్లెల్ని పిలిచినట్టు పిలిచింది.

"తుమినీ..."

లాంతరు పిల్ల వెనక్కి తిరగలేదు. అక్కడే నిలబడింది. కార్సి ఎర్రజావ గిన్నె ఇంకాస్త ముందుకి జరిపింది. అప్పుడు తిరిగింది పిల్ల. "ఆఁ... వస్తున్నా" అంది. వెదురు వంతెన దాటింది, దగ్గలేదు. ఆఖరి వంతెన దాటింది, లాంతరు ఆరలేదు. విరత్మో కట్టిన ఇంటి తలుపు తీసుకుని లోపలికి పోయి, తలుపేసుకుంది.

ఆ తర్వాత అతను అన్నీ చెరిపాడు. కంప్యూటర్లో ఉన్నది, ఇంటర్నెట్‌లో ఉన్నది, డిస్కులు, చివరికి ఆ క్యాసెట్టు కూడా. కూతురి చిన్ననాటి గొంతు లోకంలో అదొక్కటే. రిబ్బను లాగి బొగ్గుల కుంపట్లో వేశాడు. ఆ రాత్రంతా ముర్నియాతి కూతురి పక్కనే పడుకుని ఊపిరి వింటూ ఉంది. దగ్గు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

"ఏమీ మిగల్లేదు కదా పాక్?" అంది వెరోనికా ఫోనులో.

"ఏమీ లేదమ్మా. మా ఇంట్లో ఆ పిల్ల లేదు." స్టాంపు మీద సంతకం పెట్టి పంపాడు. కోర్టు గొడవ తీరింది.

కూతురు బళ్లో పేరు హయునింగ్రాత్ అని మార్పించుకుంది. పిల్లలు "ఏమే రాణీగారూ, ముల్లంగి వ్యాపారం మానేశారా?" అంటే, "మీ బాకీలు వసూలయ్యాక మళ్లీ తెరుస్తా" అందట. మనిషి మాత్రం దుక్కలా ఉంది. భుజాలు కొంచెం వంచి నడుస్తోందేమో అని విరత్మోకి అనుమానం. బడి సంచి బరువులే అంటుంది భార్య.

వానలు వెనకపట్టాక ఒక పొద్దున జుమిరా గంప దించుకుంటూ వాకిట్లో నిలబడింది. తన ఊళ్లో కూతురి పెళ్లికని పోయి నెల తర్వాత వచ్చింది, పేరు సంగతి ఎవరూ చెప్పలేదు.

"తుమినీ! ఓ తుమినీ!"

హయునింగ్రాత్ బడికి పోయి గంటయింది. విరత్మో వాకిట్లోనే వైర్లు చుడుతున్నాడు. ముర్నియాతి పొయ్యి దగ్గర టెంపే వేయిస్తోంది. తాళం వేసిన కొట్టు గదిలోంచి, కరెంటు లేని డబ్బాల మధ్య నించి, మూడేళ్ల గొంతు పలికింది.

"ఆఁ... వస్తున్నా."

"రా తల్లీ రా, గంప బరువుగా ఉంది" అంది జుమిరా, మామూలుగా, మిరపకాయలు ఏరుకుంటూ.

విరత్మో చేతిలో వైరు చుట్ట అలాగే ఉండిపోయింది. భార్యకేసి చూశాడు. ఆమె అతనికేసి చూడలేదు. నూనెలోంచి ముక్కలు తీసింది, కారం తగలని చిన్న ముక్క ఒకటి ఏరింది, పై అరలోంచి కూతురి చిన్నప్పటి పళ్లెం దించి దాంట్లో పెట్టింది. చల్లారేదాకా నోటితో ఊదింది. కొట్టు తాళంచెవి ఇటివ్వమని భర్త ముందు చెయ్యి చాపింది.